పిల్లల ఫోనుకి, ఇంటి వైఫైకి ఫిల్టర్ పెట్టాలి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కృష్ణవేణి_తీరం

అందరికీ నమస్తే. మా బాబు ఆరో తరగతి. హోంవర్కు అంతా స్కూలు వాట్సాప్ గ్రూపులోనే వస్తోందని మా ఆయన పాత ఫోను వాడికిచ్చాం.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాను. మా పాప పరుగెత్తుకొచ్చి "అమ్మా, అన్నయ్య ఫోను దిండు కింద పెట్టేసి ఏడుస్తున్నాడు" అంది. వెళ్లి చూస్తే వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంత అడిగినా మాట్లాడడు. చివరికి నెమ్మదిగా చెప్పాడు. కొత్త సినిమా ఫ్రీగా వస్తుందని క్లాసులో ఎవరో ఒక సైట్ పేరు చెప్పారట. ప్లే గుర్తు మీద నొక్కితే వేరే పేజీ తెరుచుకుంది, అది మూస్తే ఇంకోటి. ఆ బొమ్మల గురించి ఇక్కడ రాయలేను. భయపడిపోయి ఎలా ఆపాలో తెలియక ఫోను బోర్లా తిప్పి దిండు కిందకి తోసేశాడు. నేను బయటికి తీసేసరికి స్క్రీన్ ఇంకా వెలుగుతూనే ఉంది.

మా ఆయన కోపంతో ఫోను బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండో రోజే సైన్సు ప్రాజెక్టు కోసం మళ్లీ తీయాల్సి వచ్చింది. అప్పటినుంచి వాడు ఫోను పట్టుకుంటే చాలు నాకు టెన్షన్. నాకు కంప్యూటర్లు పెద్దగా తెలియవు. ఫిల్టర్ అంటే రౌటర్‌కి పెట్టాలా, ఫోనుకి పెట్టాలా? డబ్బు కట్టాలా? తెలిసినవాళ్లు ఓపిగ్గా చెప్పగలరు.

కేబుల్_అన్న

అక్కా, ముందుగా ఒక మాట. బాబు వెతుక్కుంటూ పోలేదు, సినిమా కోసం వెళ్తే అది మీద పడింది. వాడు దాచకుండా చెప్పాడు కూడా. అది మనసులో పెట్టుకోండి.

నేను తెనాలి వైపు ఇళ్లకి నెట్ కనెక్షన్లు ఇస్తుంటాను. వారానికి ఒకరిద్దరు తల్లులు ఇదే అడుగుతారు. ఖర్చు లేని పద్ధతి చెప్తాను.

ఏ సైట్ తెరవాలన్నా ఫోను ముందుగా ఆ పేరుకి నంబరు ఏమిటని ఒక సర్వర్‌ని అడుగుతుంది. దాన్నే డీఎన్ఎస్ అంటాం. కొత్త ఊళ్లో దిగి ఫలానావాళ్ల ఇల్లెక్కడ అని కిళ్లీకొట్టు దగ్గర అడిగినట్టన్నమాట. ఆ కొట్టాయన కొన్ని ఇళ్లకి దారి చెప్పనంటే మన ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. అలా చెప్పని డీఎన్ఎస్‌లు ఉచితంగానే ఉన్నాయి:

క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది: 1.1.1.3, రెండోది 1.0.0.3
ఓపెన్‌డీఎన్ఎస్ ఫ్యామిలీషీల్డ్: 208.67.222.123, రెండోది 208.67.220.123
క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ ఫిల్టర్: 185.228.168.168, రెండోది 185.228.169.168

చివరి అంకె జాగ్రత్త. 1.1.1.1 పెడితే ఏదీ ఆగదు. 1.1.1.2 వైరస్ సైట్లని మాత్రమే ఆపుతుంది. 1.1.1.3 పెడితేనే బూతు సైట్లు కూడా ఆగుతాయి. నేను వెళ్లిన ఇళ్లలో సగం మంది 1.1.1.1 పెట్టుకుని ఫిల్టర్ ఉందనుకుంటున్నారు.

రౌటర్ కింద స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి నంబరు, పాస్‌వర్డ్ ఉంటాయి. బ్రౌజర్‌లో ఆ నంబరు కొట్టి లోపలికెళ్లి లాన్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ దగ్గర డీఎన్ఎస్ మార్చాలి. పనయ్యాక స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్ తప్పకుండా మార్చేయండి. రౌటర్ తిరగేసి చూడటం ఏ పిల్లాడికైనా వచ్చు. కొన్ని కంపెనీలు ఇచ్చే డబ్బాల్లో డీఎన్ఎస్ మార్చే వీలుండదు, అప్పుడు ఫోనులోనే పెట్టుకోవాలి.

ఫోనులో ఇంకా తేలిక. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అని సెట్టింగ్ ఉంది. అక్కడ నంబరు తీసుకోదు, పేరు రాయాలి. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ హైఫన్ డీఎన్ఎస్ డాట్ కామ్ అని కొట్టండి. ఇది వైఫైలోనే కాదు, సిమ్ డేటాలో కూడా పనిచేస్తుంది.

కృష్ణవేణి_తీరం

చాలా థ్యాంక్స్ తమ్ముడూ. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? పరీక్షించడానికి నేనే అలాంటి సైట్ తెరవాలా?

కేబుల్_అన్న

అక్కర్లేదక్కా. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు పరీక్ష కోసమే ఒక ఖాళీ పేరు పెట్టారు: న్యూడిటీ డాట్ టెస్ట్‌కేటగిరీ డాట్ కామ్. అది తెరుచుకోకపోతే ఫిల్టర్ పనిచేస్తున్నట్టే. ఇంకోటి, 1.1.1.3 లో "ఈ సైట్ ఆపాం" అని ఏమీ రాదు, సైట్ దొరకలేదని మాత్రమే వస్తుంది. నెట్ పోయిందేమో అని కంగారు పడకండి.

ల్యాబ్_సార్

కేబుల్ తమ్ముడు చెప్పినదంతా సరైనదే. కానీ ఆ ఒక్కదానితో సరిపోదు. కారణం చెప్తాను.

డీఎన్ఎస్ సైట్ పేరుని మాత్రమే చూస్తుంది. గూగుల్‌లో బొమ్మలు వెతికితే ఆ చిన్న బొమ్మలన్నీ గూగుల్ పేరు మీదే వస్తాయి కాబట్టి వాటిని ఆపలేదు. అందుకే గూగుల్‌లోనే ఉండే సేఫ్‌సెర్చ్ (అసభ్యమైన ఫలితాలు రాకుండా ఆపే సెట్టింగ్) తప్పనిసరి. యూట్యూబ్‌కి అలాంటిదే రిస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టాలి. పైన చెప్పిన క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ ఫిల్టర్ అయితే సేఫ్‌సెర్చ్‌ని తానే బలవంతంగా ఆన్‌లో ఉంచుతుంది, పిల్లలు తీసేయలేరు. మా బడి ల్యాబ్‌కి అందుకే అది పెట్టాను. టెలిగ్రామ్ చానెళ్లు, ఇన్‌స్టాలో వచ్చే వీడియోలు మాత్రం ఏ డీఎన్ఎస్‌కీ కనపడవు. ఆ యాప్ లోపల జరిగేదంతా ఆ యాప్ పేరు మీదే జరుగుతుంది.

ఇక బడి సంగతి. నాది ప్రభుత్వ ఉన్నత పాఠశాల, ఫిజికల్ సైన్స్ చెప్తాను, కంప్యూటర్ ల్యాబ్ కూడా నాకే అప్పగించారు. మొదట్లో ఎవరో దాత కంప్యూటర్లతో పాటు ఒక ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ కూడా వేయించి ఇచ్చారు. అది మాటల్ని పట్టి ఆపే రకం. పేజీలో ఫలానా ఇంగ్లీషు మాట కనపడితే చాలు, పేజీ మొత్తం ఆపేస్తుంది.

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది కదా. ఒక అమ్మాయి ఆ పాఠానికి ప్రాజెక్టు చేస్తూ ఏదో వెతికింది. స్క్రీన్ నిండా ఎర్ర రంగు వచ్చి, మధ్యలో పెద్ద అక్షరాలతో అశ్లీల సమాచారం అని, కింద ఆ కంప్యూటర్ నంబరు, టైమూ పడ్డాయి. పక్క సిస్టమ్స్ దగ్గరున్న మగపిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయింది, నా వైపు చూడలేదు. నేను వెళ్లి మానిటర్ ఆపేసి, "నువ్వు తప్పేమీ చేయలేదమ్మా, ఈ సాఫ్ట్‌వేర్‌కి పాఠం తెలియదు" అని అందరికీ వినపడేలా చెప్పాను. తర్వాత రెండు వారాలు ఆ అమ్మాయి ల్యాబ్‌కి రాలేదు. ఆ సాయంత్రమే ఆ సాఫ్ట్‌వేర్ తీసేశాను.

అదే సాఫ్ట్‌వేర్ తెలుగు లిపిలో ఉన్న పచ్చి బూతు కథల పేజీని మాత్రం ఏ అడ్డూ లేకుండా తెరిచింది. నేనే పరీక్షించి చూశాను. దానికి తెలిసిన మాటలన్నీ ఇంగ్లీషువే. మన భాషలో చెత్త ఎంత ఉన్నా దాని కంటికి కనపడదు. కొనేముందు ఎవరైనా సరే తెలుగు పేజీలతో ఒకసారి పరీక్షించి చూడండి.

డాలస్_అమ్మ

ల్యాబ్ సార్, ఆ అమ్మాయి గురించి చదువుతుంటే చాలా బాధేసింది.

మాటల్ని పట్టి ఆపే పద్ధతితో వచ్చే ఈ గొడవ చాలా పాతది. ఇంగ్లండులో స్కన్‌థార్ప్ అని ఒక ఊరుంది. ఆ ఊరి పేరులో ఒక బూతుమాట అక్షరాలు వరసగా ఉంటాయి. 1996లో ఆ ఊరివాళ్లు అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్‌లో అకౌంటు తెరవబోతే ఊరి పేరుని ఫిల్టర్ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఈ సమస్యని ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు.

ఇక్కడ అమెరికాలో బడుల్లో ఫిల్టర్ అనేది ఇష్టాయిష్టాల మీద ఉండదు. 2000 సంవత్సరంలో సిపా అనే చట్టం వచ్చింది. ఇంటర్నెట్ కోసం ప్రభుత్వ రాయితీ తీసుకునే బడులు, లైబ్రరీలు ఫిల్టర్ పెట్టి తీరాలి. లైబ్రరీల వాళ్లు కోర్టుకి వెళ్లారు, 2003లో సుప్రీంకోర్టు చట్టం సరైనదే అంది. కానీ లైబ్రరీలో పెద్దవాళ్లు అడిగితే ఫిల్టర్ తీసి ఇచ్చే వీలు అందులోనే ఉంది. అది నాకు నచ్చిన విషయం.

మా అమ్మాయికి స్కూలు ఇచ్చిన క్రోమ్‌బుక్ ఇంటికి తెచ్చుకున్నా స్కూలు ఫిల్టర్ దాని వెంటే వస్తుంది. ఒకరోజు వేమన పద్యాలకి అర్థాలున్న ఒక చిన్న తెలుగు సైట్ తెరవబోతే ఆగిపోయింది. కారణం ఏమని చూపించిందో తెలుసా? ఏ వర్గానికీ చెందని సైట్ అని. ఫిల్టర్ కంపెనీలు సైట్లన్నిటినీ వర్గాలుగా విడదీస్తాయి: ఆటలు, వార్తలు, షాపింగ్, ఇలా. ఎవరూ విడదీయని సైట్లని ఆ స్కూలు గుండుగుత్తగా ఆపేసింది. మన తెలుగు చిన్న సైట్లు, ఒంటరిగా ఎవరో ప్రేమతో నడిపేవి, అన్నీ ఆ గంపలోనే పడతాయి. బూతు సైట్లని పట్టుకోలేని ఫిల్టర్ వేమనని పట్టుకుంది.

స్కూలుకి మెయిల్ రాశాను, పద్యాలు ఏమిటో, ఎవరు రాశారో వివరిస్తూ. పదిహేను రోజులకి తెరిచారు. అలా రాయాలని చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. రాయండి, చూస్తారు.

పదో_క్లాసు_నాన్న

ఇవన్నీ చిన్నపిల్లలకి పనికొస్తాయి. మావాడు పదో తరగతి. ఫోను చూస్తే లాక్, నేను వెళ్తే స్క్రీన్ తిప్పేస్తాడు. వాడికి తెలియకుండా వాడి ఫోనులో వేసి, వాడు ఏం చూస్తున్నాడో, ఎవరితో చాట్ చేస్తున్నాడో నా ఫోనులో కనపడే యాప్ ఏదైనా ఉంటే చెప్పండి. డబ్బు ఎంతైనా ఫర్వాలేదు. బోర్డు పరీక్షలు దగ్గరకొస్తున్నాయి, నాకు నిద్ర పట్టట్లేదు.

ఇంటర్_సెకండియర్

అంకుల్, నేను చిన్నవాణ్ని, తప్పుగా అనుకోకండి. నాకు పదిహేడేళ్లు. మా నాన్న నాకు ఇదే చేశారు.

నాలుగో రోజే నాకు తెలిసిపోయింది. ఫోను వేడెక్కేది, చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోయేది. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో చూస్తే సిస్టమ్ సర్వీస్ అనే పేరుతో ఏదో ఆన్‌లో ఉంది. నెట్‌లో ఆ పేరు వెతికితే అసలు సంగతి బయటపడింది. నేను ఏమీ అనలేదు, దాన్ని తీసేయలేదు కూడా. ఆ ఫోనులో మంచిపిల్లాడిలా ఉండి, మిగతాదంతా ఫ్రెండు ఫోనులో చూసేవాణ్ని. ఆర్నెల్లు మా నాన్నకి నా పాఠాలే కనపడ్డాయి.

నిజం చెప్పాలంటే, నేను ఆ రోజుల్లో పెద్ద తప్పు పనులేమీ చేయలేదు. కానీ ఒక అమ్మాయితో మాట్లాడిన మాటలు, అవి మామూలు మాటలే, మా నాన్న చదివారని తెలిశాక ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినడం కష్టమైంది. ఒకరోజు గుర్తు తెలియని ఐడీ నుంచి నాకు చెడ్డ ఫొటో వచ్చి, డబ్బు పంపమని బెదిరింపు వచ్చింది. ఆ రోజు నాన్నకి చెప్పాలనిపించలేదు. మా మావయ్యకి చెప్పాను.

ఫిల్టర్ పెడతానని ఎదురుగా చెప్పి పెట్టుంటే నేను గొడవ పడేవాణ్ని, రెండు రోజులు మాట్లాడేవాణ్ని కాదు, తర్వాత మామూలైపోయేది.

ల్యాబ్_సార్

బాబూ, మావయ్యకి చెప్పి మంచి పని చేశావు. ఇది చదివే పిల్లలు, పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే: ఇలాంటి బెదిరింపులకి డబ్బు పంపొద్దు, మెసేజ్‌లు చెరిపేయొద్దు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పిల్లలు తామే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చేయొచ్చు.

ఫైర్‌వాల్_డ్యూటీ

పదో క్లాసు నాన్న గారూ, హైదరాబాదులో ఒక కంపెనీకి నెట్‌వర్క్ చూస్తుంటాను. ఆ తమ్ముడు మనసు సంగతి చెప్పాడు, నేను యంత్రం సంగతి చెప్తాను.

దాక్కుని పనిచేసే యాప్‌లని గూగుల్ ప్లే స్టోరు ఒప్పుకోదు. పిల్లల కోసం పెట్టే యాప్ అయినా అది పనిచేస్తోందని ఫోనులో కనపడుతూనే ఉండాలన్నది వాళ్ల నియమం. కాబట్టి మీరడిగేది బయటినుంచి ఏదో ఫైలు దింపుకుని, ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లని పట్టుకునే గూగుల్ కాపలా) ఆపేసి వేయాల్సిందే. అంటే మీ అబ్బాయి ఫొటోలు, చాట్‌లు, లొకేషన్ అన్నీ ఎవరిదో తెలియని సర్వర్‌కి వెళ్తాయి. ఇలాంటి కంపెనీల డేటా బయటికి పొక్కడం చాలాసార్లు జరిగింది. అబ్బాయిని కాపాడాలనుకుని వాడి గుట్టంతా మీరే బయటివాడి చేతిలో పెట్టినట్టవుతుంది. దయచేసి వేయకండి.

బదులుగా పిల్లల ఫోనుకి హద్దులు పెట్టే ఫ్యామిలీ లింక్ యాప్ చూడండి. గూగుల్‌దే, ఉచితం. యాప్ వేయాలంటే మీ అనుమతి కావాలి, రాత్రి ఇన్ని గంటలకి ఫోను ఆగిపోవాలని పెట్టొచ్చు, క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో (చూసిన సైట్ల జాబితా మిగలకుండా చూసే పద్ధతి) ఉండదు. చాట్‌లు మీకు కనపడవు, ఆ వయసులో కనపడకూడదు కూడా. ఐఫోను అయితే 2018 నుంచి స్క్రీన్ టైమ్ అని ఇలాంటిదే అందులోనే ఉంది. ఏది పెట్టినా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టండి.

పదో_క్లాసు_నాన్న

ఇంటర్ బాబు రాసింది మూడుసార్లు చదివాను. సరే, అది వేయను. ఫ్యామిలీ లింక్ గురించి రాత్రికి వాడితో మాట్లాడతాను. ఏం జరిగిందో చెప్తాను.

అయినా నాకొక ప్రశ్న. ఇంత తలనొప్పి మనకెందుకు, ప్రభుత్వమే అన్నీ బ్లాక్ చేస్తే పోదా?

కేబుల్_అన్న

చేశారు సార్. 2015 జులై ఆఖరున కేంద్రం 857 సైట్లు ఆపమంది, పెద్ద గొడవయ్యి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం తర్వాత 2018లో మళ్లీ 827 సైట్లు ఆపారు. ఆ వారమే నాకు కనెక్షన్ ఇళ్ల నుంచి ఫోన్లు, నెట్ పాడైంది చూడమని. నెల తిరక్కుండా అవే సైట్లు పేరు చివర అక్షరం మార్చుకుని వచ్చేశాయి. పేర్ల జాబితా రాసి ఆపడం మన దగ్గరే కాదు, ఎక్కడా గెలవలేదు. ఫిల్టర్ కంపెనీలు ఆ జాబితాని రోజూ మారుస్తూ ఉంటాయి కాబట్టే కొంత నయం.

మల్లెతీగ

ఇంటి గురించి అడిగిన చోట ఆఫీసు గురించి రాస్తున్నాను, మన్నించండి. ల్యాబ్ సార్ చెప్పిన ఆ అమ్మాయి గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

నేను ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పోయినేడు మా అమ్మకి రొమ్ములో గడ్డ కనపడింది. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది మధ్యాహ్నం భోజనాల వేళ. అందులో ఒక్క మాటా అర్థం కాలేదు. ఫోనులో చార్జింగ్ లేదు. నా సీట్లో కూర్చుని ఆ మాటలు వెతికాను. రెండు పేజీలు ఆగిపోయాయి. మూడోది తెరుచుకునేలోపు అది కూడా ఆగిపోయింది.

మర్నాడు మా మేనేజరు పిలిచి, నా సిస్టమ్ నుంచి "అభ్యంతరకరమైన" వెతుకులాట జరిగిందని రిపోర్టు వచ్చిందన్నారు. చేతిలో కాగితం ఉంది, అందులో నేను కొట్టిన మాటలు నా పేరు పక్కన అచ్చయి ఉన్నాయి. నలుగురు కూర్చునే గదిలో మా అమ్మకి క్యాన్సర్ అనుమానం ఉందని నేను ఆయనకి వివరించాల్సి వచ్చింది. ఆయన మంచివారే, వెంటనే కాగితం మడిచేశారు. కానీ నేను ఆ రోజు ఎవరికీ చెప్పుకోవాలనుకోని మాట అది.

అమ్మకి ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగుంది. నా సందేహం ఒక్కటే. నేను వెతికిన సైట్‌కి బ్రౌజర్‌లో పేరు పక్కన తాళం గుర్తు ఉంది కదా, అంటే ఎవరికీ కనపడదు కదా. నేను కొట్టిన మాటలతో సహా వాళ్లకి ఎలా తెలిశాయి?

ఫైర్‌వాల్_డ్యూటీ

అక్కా, అమ్మగారు కోలుకున్నందుకు సంతోషం. మా వృత్తివాళ్ల తరఫున నాకు సిగ్గుగా ఉంది. మీ ప్రశ్నకి వివరంగా చెప్తాను, ఆఫీసు కంప్యూటర్ వాడే ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సిన విషయం ఇది.

తాళం గుర్తుంటే మధ్యలో ఉన్నవాళ్లకి మామూలుగా సైట్ పేరు మాత్రమే కనపడుతుంది, ఏ పేజీ, ఏం వెతికారు అన్నది కనపడదు. కానీ కంపెనీ కంప్యూటర్‌లో కంపెనీ ఒక సొంత సర్టిఫికెట్ (సైట్ నిజమైనదేనని బ్రౌజర్ నమ్మే గుర్తింపు పత్రం) ముందే వేసి ఉంచుతుంది. మీరు సైట్ తెరిస్తే ఆఫీసు నెట్‌కి కాపలాగా ఉండే పెట్టె, అంటే ఫైర్‌వాల్ మధ్యలో నిలబడి, సైట్‌తో తాను మాట్లాడి, ఆ తాళం తీసి, లోపలున్నది చదివి, తన సర్టిఫికెట్‌తో మళ్లీ తాళం వేసి మీకు పంపుతుంది. మీ బ్రౌజర్ ఆ సర్టిఫికెట్‌ని నమ్ముతుంది కాబట్టి తాళం గుర్తు అలాగే కనపడుతుంది. పోస్టుమాన్ కవరు విప్పి చదివి కొత్త కవర్లో పెట్టి ఇచ్చినట్టు.

మీ సిస్టమ్‌లో అలా జరుగుతోందో లేదో మీరే చూసుకోవచ్చు. తాళం గుర్తు మీద (అది లేకపోతే సైట్ పేరుకి ఎడమవైపున్న గుర్తు మీద) నొక్కి సర్టిఫికెట్ వివరాల్లో ఎవరు జారీ చేశారో చూడండి. అక్కడ మీ కంపెనీ పేరో, ఫైర్‌వాల్ కంపెనీ పేరో ఉంటే తెరిచి చదువుతున్నట్టే.

ఇది ఎందుకు చేస్తారంటే, వైరస్‌లు కూడా ఇప్పుడు తాళం వేసిన కవర్లోనే వస్తాయి. నకిలీ బ్యాంకు పేజీ నొక్కి మా దగ్గరే ఒకాయన పాస్‌వర్డ్ పోగొట్టుకున్నాడు. అందుకని ఫిల్టర్ వద్దని నేననను. కానీ చేసే పద్ధతి ఒకటుంది. ప్రతి మంచి ఫైర్‌వాల్‌లోనూ ఆరోగ్యం, బ్యాంకులు అనే వర్గాల్ని తెరవకుండా వదిలేసే ఏర్పాటు ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆ రెండూ వదిలేశాను. రిపోర్టుల్లో మనుషుల పేర్లు రాకుండా పెట్టాను. నిజంగా ప్రమాదం ఉంటేనే, ఇద్దరి అనుమతితో పేరు తీస్తాం. పెట్టడానికి ఒక పూట పట్టింది. మీ ఆఫీసులో ఎవరూ ఆ పూట వెచ్చించలేదు.

తాళం తీసే పని ఎంత సున్నితమో ఒక ఉదాహరణ. అహ్మదాబాద్‌లో పుట్టిన సైబరోమ్ అనే ఫైర్‌వాల్ మన దేశంలో కాలేజీలు, ఆఫీసుల్లో చాలాచోట్ల ఉండేది. ఆ కంపెనీని 2014లో సోఫోస్ అనే సెక్యూరిటీ కంపెనీ కొనుక్కుంది. 2012లో టోర్ ప్రాజెక్టు (నెట్‌లో గోప్యత కాపాడే సాఫ్ట్‌వేర్ చేసే సంస్థ) వాళ్లు గమనించి బయటపెట్టిందేమిటంటే, ఆ పెట్టెలన్నిటిలోనూ ఒకటే సర్టిఫికెట్, ఒకటే తాళంచెవి. అంటే ఒక పెట్టె లోంచి ఆ చెవి తీయగలిగినవాడు, అలాంటి పెట్టె ఉన్న ఏ ఆఫీసువాళ్ల కవరైనా విప్పగలడు. తర్వాత కంపెనీ దాన్ని సరిచేసింది. కాపలాకి పెట్టుకున్నదే దొంగకి దారి అవ్వొచ్చు. అందుకే ఇంట్లో మాత్రం తాళం తీసి చదివే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దని, డీఎన్ఎస్‌తో ఆగమని నా సలహా.

మీరు ఆఫీసువాళ్లకి ఒక మెయిల్ రాయండి అక్కా. ఆ సైట్ల వర్గం సరిచేయమని, ఆరోగ్య వర్గాన్ని చదవొద్దని. జరిగింది మీకు ఇబ్బందైతే మీ సంగతి రాయక్కర్లేదు, ఉద్యోగులందరి కోసం అని రాయండి.

డాలస్_అమ్మ

పెద్ద కంపెనీలకీ వర్గాలు తప్పుతాయి. క్లౌడ్‌ఫ్లేర్ ఆ 1.1.1.3 ని 2020 ఏప్రిల్ 1న మొదలుపెట్టిన రోజే స్వలింగ సంపర్కులకి, ట్రాన్స్‌జెండర్లకి సాయం చేసే సమాచార సైట్లని బూతు సైట్లతో కలిపి ఆపేసింది. ఆ రోజే కంపెనీ క్షమాపణ చెప్పి, పొరపాటు ఎలా జరిగిందో వివరంగా రాసింది. అలా ఒప్పుకునేవాళ్లది వాడటం నాకు నయమనిపిస్తుంది.

మల్లెతీగ

సర్టిఫికెట్ చూశాను. మీరన్నట్టే ఫైర్‌వాల్ పేరే ఉంది. మెయిల్ రాస్తాను. ఇన్నాళ్లూ నేనేదో తప్పు చేశాననే అనుకుంటున్నాను.

కృష్ణవేణి_తీరం

అందరి సలహాలూ చదివాను. నిన్న రౌటర్లో 1.1.1.3, బాబు ఫోనులో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టాం. బాబు ఫోనులో పరీక్ష సైట్ ఆగింది. కానీ మా ఆయన ల్యాప్‌టాప్‌లో అదే సైట్ తెరుచుకుంటోంది! ఇద్దరిదీ ఒకటే వైఫై. ఏం తప్పు చేశాం?

కేబుల్_అన్న

మీ తప్పు లేదక్కా, రెండు కారణాల్లో ఒకటి.

మొదటిది ఐపీవీ6. ఇప్పుడు చాలా కనెక్షన్లలో పాతరకం నంబరు, కొత్తరకం నంబరు రెండూ నడుస్తుంటాయి. మీరు పాత దారికి గేటు పెట్టారు, కొత్త దారి తెరిచే ఉంది, ల్యాప్‌టాప్ అటునుంచి వెళ్లిపోతోంది. రౌటర్లో ఐపీవీ6 డీఎన్ఎస్ అని వేరే పెట్టె ఉంటుంది, అక్కడ 2606:4700:4700::1113, రెండోది 2606:4700:4700::1003 కొట్టండి. బాబు ఫోనులో ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంది కాబట్టి ఈ తేడా దానికి తగల్లేదు.

రెండోది బ్రౌజర్. సెక్యూర్ డీఎన్ఎస్ అని సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉండి వేరే సర్వర్ ఎంచుకుని ఉంటే రౌటర్‌ని అడగకుండా నేరుగా వెళ్తుంది. దాన్ని ఆపండి. పనిలో పనిగా ల్యాప్‌టాప్‌లో బాబుకి వేరే అకౌంటు పెట్టండి, అడ్మిన్ హక్కులు లేకుండా. అడ్మిన్ అయితే ఎవరైనా ఇవన్నీ రెండు నిమిషాల్లో మార్చేస్తారు.

ఇంకో మాట. బాబు వెళ్లిన సినిమా సైట్ లాంటివి 1.1.1.3 లో ఆగకపోవచ్చు, ఎందుకంటే అవి పైకి బూతు సైట్లు కావు. పైరసీ సైట్లని ఒక వర్గంగా ఆపాలంటే నెక్స్ట్‌డీఎన్ఎస్ అని ఉంది. ఫోను సైట్ నంబరు అడిగిన ప్రతిసారీ ఒక ప్రశ్న లెక్క, అలా నెలకి 3,00,000 ప్రశ్నల దాకా ఉచితం. అది దాటితే నెట్ ఆగదు కానీ నెలాఖరు వరకు ఫిల్టర్ పనిచేయదు, అది గుర్తుంచుకోండి. ఒక్క బాబు ఫోనుకే పెడితే ఆ లెక్క సరిపోతుంది.

పదో_క్లాసు_నాన్న

చెప్తానన్నాను కదా. రాత్రి మావాడితో మాట్లాడాను. ముందు అరిచాడు, నేనూ అరిచాను. తర్వాత వాడే అడిగాడు, చాట్‌లు చదవనని మాటిస్తారా అని. ఇచ్చాను. రాత్రి పదిన్నరకి ఫోను ఆగేలా ఇద్దరం కలిసి పెట్టాం. వాడు పదకొండు అన్నాడు, నేను పది అన్నాను. ఆ స్క్రీన్ తిప్పేసుకునేది క్రికెట్ గ్రూపట, అందులో నన్ను వెక్కిరిస్తూ స్టిక్కర్లు ఉన్నాయట. చూపించాడు.

కృష్ణవేణి_తీరం

ఐపీవీ6 పెట్టాక ల్యాప్‌టాప్‌లో కూడా ఆగింది. థ్యాంక్స్ తమ్ముడూ. నెక్స్ట్‌డీఎన్ఎస్ పెట్టేటప్పుడు బాబుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర రాయాల్సిన పొడుగాటి పేరు వాడే టైప్ చేశాడు, నాకంటే వాడికే వేగం ఎక్కువ. పైరసీ అంటే ఏంటని అడిగాడు, చెప్పాను. మా ఆయన కూడా వచ్చి కూర్చున్నారు. ఆ ఆదివారం తర్వాత వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

నిన్న సాయంత్రం వాడే ఫోను తెచ్చి నా చేతికిచ్చాడు. కార్ల గేమ్ ఆడుతుంటే మధ్యలో ఏదో అమ్మాయిలతో మాట్లాడే యాప్ ప్రకటన వస్తోందట. "అమ్మా, ఇది నేను నొక్కలేదు, చూడు" అన్నాడు. ఇలా గేమ్ మధ్యలో వచ్చేవి కూడా ఆపొచ్చా?

కేబుల్_అన్న

ఆపొచ్చక్కా, చాలావరకు. గేముల్లో ప్రకటనలు వేరే కంపెనీల సర్వర్ల నుంచి వస్తాయి, గేమ్ నుంచి కాదు. నెక్స్ట్‌డీఎన్ఎస్‌లో ప్రైవసీ అనే చోట ప్రకటనల బ్లాక్‌లిస్టులు ఉంటాయి, ఒకటి జతచేస్తే చాలు. కొన్ని గేములు ప్రకటన రాకపోతే మొరాయిస్తాయి. నెట్ లేకుండా ఆడే గేమ్ అయితే ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఆడుకోమనండి. గేమ్ పేరు ఇక్కడ పెట్టండి, నా ఫోనులో వేసి చూసి చెప్తాను.